కూర్చుంటే కరిగే కండ

బావి నుండి నీళ్ళు చేదుకునే ఇల్లాలు, ధాన్యపు బస్తాను వీపున మోసే హమాలీ, పలక మీద అక్షరాలు దిద్దే పసివాడు చేసే పనులు వేర్వేరు. అయినా ఆ ముగ్గురి దేహాలలోనూ ఆ క్షణాన జరిగే కార్యం ఒక్కటే. కంటికి కానరాని సన్నని పోగులు ఒకదాని ప్రక్కగా మరొకటి జారుతూ ఎముకను లాగుతాయి. నడక, మాట, చిరునవ్వు, చివరకు ఊపిరి కూడా ఈ లాగుడు మీదనే ఆధారపడి ఉన్నాయి. ఈ పనిచేసే జీవకణానికి కండర తంతువు అని పేరు. పని ఉన్నంత కాలం ఇది బలంగా ఉంటుంది. పని తప్పితే కొద్ది రోజులలోనే కరగనారంభిస్తుంది. ఇంట్లో ఒక ముసలి ప్రాణం మంచాన పడినప్పుడు ఈ సంగతి ఎరిగి ఉండడానికీ, ఎరుగకపోవడానికీ మధ్య చాలా తేడా ఉన్నది.

మూడు రకాల కండరాలు

మానవ దేహంలో కండరాలు మూడు విధాలు. గుండె గోడలో ఉండే హృదయ కండరం, ప్రేగుల గోడలలోను రక్తనాళాల గోడలలోను ఉండే నునుపు కండరం మనిషి ఇచ్ఛకు లోబడవు. ఎముకలను అంటిపెట్టుకుని, ఇచ్ఛానుసారం పనిచేసేవి అస్థి కండరాలు. ఇవి దేహంలో 600కు పైగా ఉన్నాయి. పెద్దవారి శరీరపు బరువులో సుమారు 40 శాతం వీటిదే.

సరిహద్దు గ్రామాల బడిపిల్లలకు ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. ఇంట తెలుగులో ‘కండ’ అని పిలిచే దానిని కన్నడ, మరాఠీ పాఠ్యపుస్తకాలు ‘స్నాయు’ అంటాయి. తమిళంలో అది ‘తసై’, ఒడియాలో ‘మాంసపేశి’. తెలుగు పుస్తకాలలోనేమో ‘స్నాయుబంధనం’ అనే మాట కండరాన్ని ఎముకకు బిగించే తెల్లని గట్టి త్రాటికి చెల్లుతుంది. మాట మారినా వస్తువు మారదని పెద్దలు ఒకసారి చెబితే పిల్లలకు ఆ తికమక తీరుతుంది.

కండరం లాగగలదు గాని తోయలేదు. అందువల్లనే అవి జంటలుగా అమరి ఉంటాయి. మోచేతిని ముడవడానికి దండచేతి ముందరి కండరం, చాచడానికి వెనుకటి కండరం పనిచేస్తాయి. ఒకటి బిగిసినప్పుడు రెండవది వదులు కావలసి ఉంటుంది.

త్రాటిలో త్రాళ్ళు

మోకు ఎలా పేనుతారో ఎరిగినవారికి కండరపు నిర్మాణం సులభంగా బోధపడుతుంది. నార పోగులు కలిసి పురి, పురులు కలిసి త్రాడు, త్రాళ్ళు కలిసి మోకు అవుతాయి. అదే తీరున కండరం విప్పి చూస్తే కట్టలు, కట్టలు విప్పితే తంతువులు కనిపిస్తాయి. ఈ ఒక్కొక్క తంతువే ఒక్కొక్క జీవకణం.

ఇతర కణాల ప్రక్కన పెడితే ఈ కణం చాలా వింతైనది. దీని మందం మిల్లీమీటరులో నూరవ వంతు మొదలు పదవ వంతు వరకు ఉంటుంది. పొడవు మాత్రం అనేక సెంటీమీటర్లు ఉండవచ్చు. సాధారణ కణానికి ఒకే కేంద్రకం ఉండగా, దీనికి వందల కొద్దీ ఉంటాయి. గర్భస్థ శిశువులో అనేక చిన్న కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఒక్క పొడవైన తంతువుగా మారడమే ఇందుకు కారణం. మధ్య భాగమంతా లాగే యంత్రాంగంతో నిండిపోవడం చేత ఆ కేంద్రకాలు అంచులకు, పైపొర క్రిందికి ఒదిగి ఉంటాయి.

తంతువు లోపల మరల సన్నని పోగులు ఉన్నాయి. వీటిని సూక్ష్మతంతువులు అంటారు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో వెయ్యవ వంతు మందం మాత్రమే. ప్రతి సూక్ష్మతంతువు రైలు పెట్టెల వరుస వలె చిన్న చిన్న గదులుగా విభజింపబడి ఉంటుంది. ఈ గదికి సార్కోమియర్ అని పేరు. ఒక్క సెంటీమీటరు పొడవులో ఇటువంటి గదులు సుమారు 4,000 ఇమిడి ఉంటాయి. అన్ని పోగులలోని గదులూ ఒకే వరుసలో సరిపోలి నిలవడం వల్ల సూక్ష్మదర్శినిలో కండరం అడ్డచారల చీర వలె కనిపిస్తుంది. అస్థి కండరానికి రేఖిత కండరం అన్న పేరు అందువల్లనే వచ్చినది.

జారుడు రహస్యం

ప్రతి గదిలోను రెండు రకాల మాంసకృత్తుల పోగులు ఉంటాయి. సన్నని పోగులు ముఖ్యంగా ఆక్టిన్‌తోను, లావు పోగులు మయోసిన్‌తోను ఏర్పడతాయి. రెండు చేతుల వ్రేళ్ళను ఒకదాని సందున ఒకటి జొనిపినట్లు ఇవి అమరి ఉంటాయి. లావు పోగుకు ఇరువైపులా వందలాది చిన్న తలలు పొడుచుకుని వస్తాయి.

కండరం బిగిసేటప్పుడు పోగులే ముడుచుకుని పొట్టివవుతాయని పూర్వం భావించేవారు. 1954లో ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో వెలువరించిన రెండు వ్యాసాలు ఆ భావనను మార్చివేసినవి. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్క్‌లది. రెండవది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. పోగుల పొడవు మారదు, అవి ఒకదాని ప్రక్కగా మరొకటి లోనికి జారుతాయి అని ఆ రెండు బృందాలూ వేర్వేరు మార్గాలలో తేల్చి చెప్పినవి.

ఈ జారుడును చేద త్రాటితో పోల్చవచ్చు. బావి గట్టున నిలిచినవారు త్రాటిని పట్టి లాగి, ఆ చేయి వదలి, మరికొంచెం ముందుకు పట్టి తిరిగి లాగుతారు. మయోసిన్ తల సరిగ్గా అదే పని చేస్తుంది. ఆక్టిన్ పోగును పట్టుకుంటుంది, వంగి లాగుతుంది, వదలుతుంది, ముందుకు సాగి మరల పట్టుకుంటుంది. ఒక్క తల లాగే దూరం లెక్కకు రానిది. అయినా కోట్లాది తలలు, వేల కొద్దీ గదులు కలిసి లాగేసరికి నిండు బిందె పైకి వస్తుంది.

సుబ్బారావు కనుగొన్న ఇంధనం

పట్టిన ప్రతి పట్టుకూ కూలి చెల్లించాలి. ఆ కూలి నాణెం పేరు ఏటీపీ. దీనిని వెలికి తీసినవారిలో ఒకరు తెలుగువాడు కావడం గమనించదగిన విశేషం.

1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి, అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పరిశోధనలు సాగించారు. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉన్నదనీ, కండరం పనిచేసినప్పుడు అది తగ్గి, విశ్రాంతిలో తిరిగి ఏర్పడుతుందనీ వారు 1927లో ప్రకటించారు. 1929లో ఏటీపీని కూడా కండరం నుండి వేరు చేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ సైతం విడిగా దానిని కనుగొన్నారు. కండరపు శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అంతకుముందు పరిశోధకులు నమ్మేవారు. ఈ ఆవిష్కరణల తరువాత ఆ నమ్మకం నిలువలేదు.

కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ రెండు మూడు సెకనుల గట్టి శ్రమకు మాత్రమే చాలుతుంది. ఫాస్ఫోక్రియాటిన్ దానిని సుమారు పది సెకనుల వరకు సాగదీస్తుంది. ఆ పిమ్మట కండరంలో నిలువ ఉన్న గ్లైకోజన్ అనే చక్కెర నిధి, తదుపరి రక్తం తెచ్చే ప్రాణవాయువు ఆదుకుంటాయి. గేదె తరిమినప్పుడు పరుగెత్తడం, దినమంతా కలుపు తీయడం ఈ విధంగా వేర్వేరు ఖాతాల నుండి ఖర్చు వ్రాసుకునే పనులు.

ఏటీపీ పట్టుకోవడానికే గాక వదలడానికి కూడా అవసరం. అది అందితేనే మయోసిన్ తల తన పట్టు సడలిస్తుంది. ప్రాణం పోయిన తరువాత దేహం బిగుసుకుపోవడానికి కారణం ఇదే. క్రొత్త ఏటీపీ తయారు కాదు. పట్టిన తల వదలలేదు. కొద్ది గంటలలో మెడ, దవడల వద్ద ఆరంభమైన బిగువు అవయవాలన్నింటికీ ప్రాకుతుంది. కణజాలం శిథిలం కావడంతో ఒకటి రెండు రోజులలో సడలిపోతుంది. ప్రాణం పోగానే కనురెప్పలు మూసి, దవడకు గుడ్డ కట్టి, కాళ్ళను చక్కగా చాపి ఉంచే ఆచారం వెనుక తరతరాల పరిశీలన ఉన్నది.

ఆజ్ఞ వచ్చే దారి

కండరం తనంతట తాను కదలదు. మెదడు నుండి వెన్నుపాము గుండా వచ్చే నాడి ప్రతి తంతువునూ ఒకచోట తాకుతుంది. తాకుతుందని అన్నప్పటికీ నాడి కొనకూ తంతువుకూ నడుమ సన్నని ఖాళీ ఉంటుంది. ఆజ్ఞ రాగానే నాడి కొన అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఆ ఖాళీలోకి విడుదల చేస్తుంది. అది తంతువు పైపొర మీది గ్రాహకాలలో, తాళంలో చెవి వలె అమరుతుంది. వెంటనే ఒక విద్యుత్ తరంగం తంతువంతటా వ్యాపిస్తుంది. లోపలి సంచులలో దాచి ఉన్న కాల్షియం బయటకు వస్తుంది. ఆక్టిన్ పోగు మీద కప్పి ఉన్న అడ్డును అది తొలగించగానే మయోసిన్ తలలు పట్టు సాధిస్తాయి. పని ముగియగానే కాల్షియం సంచులలోకి తిరిగి చేరుతుంది. ఖాళీలో మిగిలిన అసిటైల్‌కోలిన్‌ను ఒక ఎంజైము అప్పటికప్పుడే విరిచివేస్తుంది.

ఈ సన్నని ఖాళీ పల్లెటూరి జీవితంలో ప్రాణాపాయానికి చోటు కూడా. కట్లపాము విషం నేరుగా ఇక్కడికే చేరుతుంది. తమిళ సీమలో కట్టువిరియన్ అనీ, మహారాష్ట్రలో మణ్యార్ అనీ పిలిచేది ఈ పామునే. రాత్రివేళ నేల మీద నిద్రించేవారిని ఇది కాటు వేయడం ఎక్కువ. గాటు సరిగా కనిపించదు, నొప్పి, వాపు చాలా స్వల్పం. దీని విషం నాడి కొనలనే దెబ్బతీయడం వల్ల అసిటైల్‌కోలిన్ విడుదల ఆగిపోతుంది. నాగుపాము విషం ప్రధానంగా తంతువు మీది గ్రాహకాలను మూసివేస్తుంది. రెండింటి ఫలితమూ ఒకటే. ఆజ్ఞ వస్తుంది, కండరానికి వినబడదు.

మొదట కనురెప్పలు వాలిపోతాయి. చూపు రెండుగా కనిపిస్తుంది, మ్రింగడం కష్టమవుతుంది. నిద్రమత్తు అనుకుని కుటుంబసభ్యులు ఉపేక్షించే ప్రమాదం ఇక్కడే ఉన్నది. ఛాతీకీ పొట్టకూ నడుమ ఊపిరి ఆడించే ఉదరవితానం కూడా అస్థి కండరమే గనుక కొన్ని గంటలలో శ్వాస నిలిచిపోవచ్చు. రోగికి తెలివి ఉండి కూడా రెప్ప ఎత్తలేని, వ్రేలు కదపలేని స్థితి రావచ్చు. కావున చలనం లేదని ఆశ వదలుకోరాదు. కృత్రిమ శ్వాస అందిస్తూ ఉంటే నాడి కొనలు తిరిగి పెరిగి, కొన్ని రోజులకు మనిషి లేచి కూర్చున్న సందర్భాలు వైద్యులకు సుపరిచితం. నాటుమందుతో, కట్లు బిగించడంతో కాలం గడపక, 108 వాహనంలో శ్వాసయంత్రం, విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చడమే కర్తవ్యం. ఆలస్యమైన కొద్దీ విరుగుడు ప్రభావం తగ్గుతుంది.

పొలంలో చల్లే ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగు మందులు అదే చోట వేరొక విధంగా దెబ్బతీస్తాయి. అసిటైల్‌కోలిన్‌ను విరిచివేసే ఎంజైమును అవి స్తంభింపజేస్తాయి. ఆజ్ఞ ఆగకుండా మ్రోగుతూనే ఉంటుంది. కండరాలు మొదట అదురుతాయి, తరువాత అలసి చచ్చుబడతాయి. మందు నోటి ద్వారానే గాక చర్మం గుండా కూడా లోనికి ప్రవేశిస్తుంది. తడిసిన బట్టలు వెంటనే విప్పి, సబ్బుతో ఒళ్ళు కడిగి ఆసుపత్రికి తీసుకుపోవలెను. మరొక సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. తేరుకున్నట్లు కనిపించిన రోగికి ఒకటి మొదలు నాలుగు రోజుల లోపల మెడ కండరాలు, శ్వాస కండరాలు తిరిగి బలహీనపడవచ్చు. దిండు మీద నుండి తల ఎత్తలేకపోవడం దానికి తొలి గుర్తు. వైద్యులు వద్దంటున్నా రోగిని తొందరపడి ఇంటికి తీసుకుపోవడం అందువల్ల ప్రాణాంతకం కాగలదు.

ఎరుపు కండ, తెలుపు కండ

తంతువులన్నీ ఒకే స్వభావం కలవి కావు. నెమ్మదిగా బిగిసి, చాలాసేపు అలసట లేకుండా పనిచేసేవి కొన్ని. ప్రాణవాయువును నిలువ చేసే మయోగ్లోబిన్ వీటిలో ఎక్కువగా ఉండడం చేత ఇవి ఎర్రగా ఉంటాయి. వేగంగా బిగిసి, గొప్ప బలం చూపి, త్వరగా అలసిపోయేవి తెల్లనివి. కోడిని కోసే ఇంట ఈ తేడా అందరికీ తెలిసినదే. దినమంతా నడిచే కాళ్ళలోని మాంసం ముదురు రంగులో, అప్పుడప్పుడు మాత్రమే రెక్క విదిల్చే రొమ్ము మాంసం తెల్లగా ఉంటాయి. చాలా దూరం ఎగిరే పావురానికి రొమ్ము మాంసం కూడా ఎర్రగానే ఉంటుంది.

మనిషి కండరాలలో ఈ రెండు రకాలూ కలగలిసి ఉంటాయి. నిలబడి ఉండడానికి ఎర్రనివి, కాలు జారినప్పుడు చప్పున నిలదొక్కుకోవడానికి తెల్లనివి ముఖ్యం.

తెగినది అతుక్కునే తీరు

నాట్లు వేసిన మొదటి రోజు గడిచిన మరునాడు తొడలు, నడుము పట్టివేయడం అందరికీ అనుభవమే. దీనికి లాక్టిక్ ఆమ్లం కారణమని అనేకులు చెబుతుంటారు. నిజానికి అది పని ఆగిన గంట సేపటిలోనే చాలావరకు తొలగిపోతుంది. అలవాటు లేని లాగుడు వల్ల తంతువుల లోపల కలిగే సూక్ష్మమైన చిరుగులు, వాటిని బాగుచేసే క్రమంలో వచ్చే వాపు ఈ నొప్పికి మూలం. మూడు నాలుగు రోజులలో అది తగ్గిపోతుంది. తరువాత అదే పని అంత నొప్పి కలిగించదు.

ఈ మరమ్మతు చేసేవి తంతువు పైపొరను అంటిపెట్టుకుని నిద్రాణంగా ఉండే చిన్న కణాలు. అలెగ్జాండర్ మౌరో 1961లో కప్ప కండరంలో వీటిని గుర్తించారు. దెబ్బ తగిలినప్పుడు ఇవి మేల్కొని, విభజన చెంది, తంతువులో కలిసిపోయి చిరుగును పూడుస్తాయి. తంతువు మాత్రం తనంతట తాను రెండుగా విభజన చెందదు. తంతువుల సంఖ్య పుట్టుక నాటికే దాదాపు స్థిరపడిపోతుంది. శ్రమ వల్ల కండలు తిరగడం అంటే క్రొత్త తంతువులు పుట్టడం కాదు. ఉన్నవాటిలోనే ఆక్టిన్, మయోసిన్ పోగులు పెరిగి అవి లావెక్కడం.

మంచం చేసే నష్టం

పుట్టుకతో వచ్చిన ఆ నిధిని వయస్సు కొద్దికొద్దిగా తరిగిస్తుంది. నడివయస్సు నుండే కండ తగ్గడం ఆరంభమై, 60 దాటిన తరువాత వేగం పుంజుకుంటుంది. వెన్నుపాములోని నాడీకణాలు కొన్ని నశించినప్పుడు వాటి క్రింది తంతువులు దిక్కులేనివవుతాయి. వాటిలో కొన్నింటిని ప్రక్క నాడులు చేరదీస్తాయి, మిగిలినవి క్షీణిస్తాయి. ఎక్కువగా నష్టపోయేవి తెల్లని వేగపు తంతువులే. గడప తట్టుకున్నప్పుడు పడుచువారు నిలదొక్కుకోవడానికీ, ముసలివారు పడి తుంటి విరగగొట్టుకోవడానికీ ఇది ఒక ముఖ్య కారణం.

పడిన తరువాత జరిగేది మరింత గమనించదగినది. 2007లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఆరోగ్యవంతులైన కొందరు వృద్ధులను పది రోజుల పాటు మంచం మీదనే ఉంచి పరీక్షించారు. ఆ పది రోజులలోనే వారి కాళ్ళ నుండి సుమారు ఒక కిలో కండ తరిగిపోయినది. జబ్బు లేని వారికే ఇంత నష్టం జరిగితే, జ్వరంతోనో విరిగిన ఎముకతోనో పడుకున్నవారి సంగతి వేరుగా చెప్పనవసరం లేదు. “తాతను కదపకండి, విశ్రాంతి తీసుకోనివ్వండి” అనే ప్రేమపూర్వకమైన మాట కొన్ని సమయాలలో ఆయనను శాశ్వతంగా మంచానికి కట్టివేస్తుంది.

ఇందుకు ఎదురుగా ఆశ కలిగించే నిదర్శనం కూడా ఉన్నది. 1990లో ప్రచురితమైన మరొక పరిశోధనలో బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమవాసులు పదిమంది చేత, వైద్యుల పర్యవేక్షణలో, ఎనిమిది వారాల పాటు కాళ్ళతో బరువులెత్తించారు. వారి సగటు వయస్సు 90. వ్యాయామం పూర్తి చేసినవారి తొడల బలం సగటున రెండున్నర రెట్లకు మించి పెరిగినది. తొంబదవ ఏట కూడా తంతువు పనికి బదులు పలుకుతుందని దీనివల్ల రుజువైనది.

పల్లెటూరి ఇంట ఇందుకు యంత్రాలు అక్కరలేదు. కుర్చీలో నుండి చేతుల ఆసరా లేకుండా లేచి నిలబడడం, తిరిగి నెమ్మదిగా కూర్చోవడం పది పర్యాయాలు చేస్తే తొడలకు అదే వ్యాయామం. గోడ పట్టుకుని మునివ్రేళ్ళపై లేవడం పిక్కలకు మంచిది. లేవలేనివారు మంచం మీదనే కాళ్ళు మడిచి చాపవచ్చు. శస్త్రచికిత్స జరిగినవారు, గుండెజబ్బు ఉన్నవారు ఎప్పటి నుండి, ఎంతవరకు చేయవచ్చునో వైద్యుని అడిగి ఆరంభించవలెను. పనికి తోడు మాంసకృత్తులు కావాలి. పళ్ళు లేవన్న కారణంతో ముసలివారికి జావ, మజ్జిగ అన్నం మాత్రమే పెట్టడం వాడుక. మెత్తగా ఉడికిన పప్పు, ఉలవకట్టు, గ్రుడ్డు, పాలు, వేరుశనగ పొడి వారికి పిల్లలకంటే తక్కువ అవసరమైనవి కావు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఈ విషయంలో వైద్యుని సలహా పాటించవలెను.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని సామెత. కొండల మాట ఎలా ఉన్నా, కండల విషయంలో అది అక్షరాలా నిజం. తాత చేతికి కర్ర అందించి, ప్రక్కన నిలిచి, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వాకిలి దాకా నడిపించే మనుమడు ఆ కరుగుదలకు అడ్డుకట్ట వేస్తున్నాడు.